అక్కడక్కడ భారీ వర్షాలు

ఇక మీదట తన మాట ఎప్పటికీ తప్పు కాకూడదని గున్నమ్మ గట్టిగా అనుకుంది. అనుకున్న రెండో రోజుకే అదెలాగో కనిపెట్టేసింది కూడా.

అండమాన్‌లో ఒక చిన్న దీవి అది. శ్రీకాకుళం వైపు నుంచి వలలతో సహా వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు ఓ పదిహేను ఉంటాయి. ఆ ఇళ్లకి కాస్త ఎగువన, రేకుల పాకలో సన్యాసమ్మ గారు ఉండేవారు. అచల బోధ చెప్పే గురువమ్మ. ఆవిడ దగ్గర బోధ తక్కువ, కొబ్బరి పీచుతో తాళ్లు పేనడం ఎక్కువ. శిష్యరికానికి వచ్చినవాళ్లలో సగం మంది అరచేతులు మండి వారానికే వెళ్లిపోయేవారు. గున్నమ్మ నాలుగేళ్లుగా ఉంది.

గున్నమ్మ బడికి పోలేదు. సరుకులు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చింది. ఆకాశాన్నీ అలాగే కూడబలుక్కుంది. మబ్బు రంగు, అల వెనక అల వచ్చే తీరు, గాలి ఏ చెంపకి తగులుతోంది, రేడియో ఏమంటోంది, అన్నీ కలుపుకుని "రేపు పోవచ్చు" అందంటే పోవచ్చన్నమాటే. "వద్దు" అంటే, ఒంటినిండా ఉప్పు పట్టిన ముసలి సరంగులు కూడా పడవ ఒడ్డున పెట్టేవాళ్లు. ఆ గౌరవం ఆమెకి బాగానే రుచించింది.

ఆ ఏడు జూలైలో ముసురు పట్టిన రెండో రోజు, "మధ్యాహ్నానికి తెరిపిస్తుంది" అంది. ఆ మాట మీద దానయ్య పడవ తీశాడు. తెరిపి రాలేదు, సుడిగాలీ వానా కలిసి వచ్చాయి. దానయ్య వల కోసి సముద్రానికి వదిలేసి, ప్రాణాలు అరచేత పెట్టుకుని ఒడ్డెక్కాడు. ఎక్కాక ఆమెని పల్లెత్తు మాట అనలేదు. గున్నమ్మకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

మిగతావాళ్లు మాత్రం ఊరుకుంటారా?

"మద్దేనం అంది గానీ, ఏ రోజు మద్దేనమో సెప్పనేదు కదేటి!"

అదిగో, ఆ నవ్వుల్లోంచే ఆమె కొత్త విద్య కనిపెట్టింది. రేడియో మాట ఎప్పుడూ తప్పు కాదు, గమనించారా? "దీవుల్లో అక్కడక్కడ భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అంటుంది. కురిసిందా, అదే అక్కడ. కురవలేదా, అది అక్కడ కాదు. వందల దీవులకి కలిపి ఒక్క మాట చెప్పాల్సిన రేడియోకి అంతకంటే దారి లేదు పాపం. గున్నమ్మ చెప్పాల్సింది పదిహేను ఇళ్లకే. అయినా ఆ మాటల్ని ఎత్తుకొచ్చి నోట్లో పెట్టుకుంది.

"గున్నమ్మా, కాసేపు ఎండు చేపలు బయట ఎయ్యమంటావా?" అని ఓ ఇల్లాలు అడిగితే,

"అక్కడక్కడ వర్షం పడే అవకాశం ఉంది పిన్నీ."

"నా వాకిట్లో పడతాదా అని అడుగుతున్నానే."

"అవకాశం ఉంది."

పిన్ని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. గున్నమ్మకి మాత్రం ఎన్నాళ్ల తర్వాతో కడుపులో చల్లగా ఉంది. ఈ మాటని పట్టుకుని నవ్వేవాడెవడు?

సన్యాసమ్మ గారు అన్నీ విన్నారు.  ఓ గుప్పెడు పీచు తీసుకుని తాడుకి జత చేశారు.

ముసురు తొమ్మిదో రోజు పొద్దున్న దానయ్య తడిసి ముద్దయి పాక ముందుకొచ్చాడు. అతని భార్య పారమ్మ, ఒడ్డున విసురువల్లో పడ్డ చేపలు తీస్తుంటే టేకు చేప విషపు తోకముల్లు అరచేతిలో దిగబడి మూడు రోజులైంది. ముల్లు సగం లోపలే విరిగింది. చెయ్యి మోచేతి దాకా వాచింది. జ్వరంలో పుట్టింటివాళ్లని పేరుపేరునా పిలుస్తోంది. దీవుల మధ్య తిరిగే ఓడ ఆగిపోయి వారం. పెద్ద దీవిలో ఉన్న ఆసుపత్రికి దానయ్య పడవలో మూడు గంటలు.

"ఎల్లమంటావా, ఆగమంటావా? ఒక్క మాట సెప్పు," అన్నాడు.

 వెళ్లమంటే దారిలో ఇద్దరూ మునిగిపోవచ్చు. ఆగమంటే పారమ్మ చెయ్యి, ఆ తర్వాత పారమ్మ.

"దక్షిణ దీవుల్లో అక్కడక్కడ..."

"ఒలమ్మా, అక్కడక్కడ కాదే! నా పడవ ఒక్కటే. అది ఒక్క సోటే ఉంటాది. ఆ సోట ఏటవుతాదో సెప్పు."

"వర్షం పడే అవకాశం ఉంది బావా. తగ్గే అవకాశం కూడా..."

దానయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు.

"మొన్న సూసి సెప్పి తప్పేవు. ఇయ్యాల సూడనే నేదు," అన్నాడు.

సన్యాసమ్మ గారు చేతిలో తాడు కింద పెట్టి లేచారు. ముసురులోనే బయటికి నడిచారు. గొడుగు పట్టుకుని గున్నమ్మ వెనకాల పరుగెత్తింది గానీ ఆవిడ అందలేదు. తిన్నగా దానయ్య పడవ దగ్గరికి వెళ్లి, వంగి, అడుగున పడున్న నీళ్లు తోడే డబ్బా తీశారు. నూనె డబ్బాని అడ్డంగా కోసి చేసినది, అంచులు తుప్పు పట్టినది. దాన్ని తెచ్చి గున్నమ్మ చేతిలో పెట్టారు.

"ఎందుకమ్మా ఇది?"

"ఆళ్లతో నువ్వూ ఎల్తన్నావు," అన్నారు సన్యాసమ్మ గారు. "ఇప్పుడు సెప్పు, ఎప్పుడెల్లాలో."

గున్నమ్మ చేతిలోంచి గొడుగు జారి గాలికి దొర్లుకుంటూ పోయింది. దాని వంక కూడా చూడలేదు. డబ్బా పట్టుకుని నీళ్ల అంచు దాకా నడిచి నిలబడింది. దానయ్య వల పోయిన రోజు తర్వాత సముద్రాన్ని ఆమె చూసింది అప్పుడే.

అల వెనక అల, మొన్నటిలా ఒకదాన్నొకటి తరుముకోవడం లేదు. గాలి ఎడమ చెంపకే తగులుతోంది గానీ కొట్టి పారిపోవడం లేదు, ఒకే బిగువున నిలిచి ఉంది. మరి జల్లుకీ జల్లుకీ మధ్య ఎంతసేపు?

అది ఆమె చేతులకి తెలుసు. మొన్న రేకుల మీద ఒక జల్లు ఆగి ఇంకోటి మొదలయ్యేలోపు ఒక బార తాడు కూడా సాగలేదు. నిన్న సాయంత్రం మూడు బారలు పేనింది. ఈ పొద్దున్న ఏడు బారలైనా రేకులు మోగలేదు. చేతులు కొలుస్తూనే ఉన్నాయి. నోరే అడగలేదు.

వెనకాలే వచ్చి నిలబడ్డ దానయ్య వైపు తిరిగింది.

"ఇప్పుడో జల్లు వస్తుంది, దాన్ని పోనివ్వు. పోగానే పడవ నెట్టు. మూడు గంటలు మనవి. రెండు గంటలు దారిలో ఉన్న ఖాళీ దీవికి తూర్పు పక్కగా, ఒడ్డు పట్టుకునే పోదాం. పడమటి వైపు దగ్గర దారని ఆశపడకు. చివర్న గంటసేపే బయటి నీళ్లు. అక్కడ నాకు బాగోలేదనిపిస్తే ఆ ఒడ్డునే ఆగుతాం."

"ఉంటాయా మూడు గంటలు? అవకాశమా?"

"ఉంటాయి."

జల్లు వచ్చింది. పోయింది. పారమ్మని నులక మంచంతో సహా మోసుకొచ్చి పడవలో దించి, పైన పరదా కప్పారు. ఆమె ఒక కన్ను తెరిచి గున్నమ్మని చూసింది.

"ఇదీ వత్తాదేటి?"

"వత్తాది," అన్నాడు దానయ్య.

"దీనికి ఈతొచ్చా?"

"రాదు."

"అయితే నిజమే సెప్పుంటాది," అని మళ్లీ కళ్లు మూసుకుంది.

రెండు గంటలూ ఖాళీ దీవి చాటున పడవ చెరువులో పోయినట్టు పోయింది. ఆ దీవి కొస దాటేముందు గున్నమ్మ లేచి నిలబడి పడమటికి చూసింది. మబ్బు కింద సన్నగా తెల్లటి గీత, తెరిపి జాడ. "పోనివ్వు," అంది. దానయ్య ఇంజను పెంచాడు.

అవతలి ఒడ్డు చెట్లు విడివిడిగా కనిపిస్తున్నాయనగా వెనకనుంచి నీళ్లు నల్లబడ్డాయి. జల్లు వచ్చి మీద పడింది. పడవ ముక్కు లేచి దబ్బున దిగింది. పాదాల దగ్గర నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.

"ఏవే నీ మూడు గంటలు?" అని అరిచాడు దానయ్య.

"అరగంట తప్పేను బావా!" అని అంతకంటే గట్టిగా అరిచింది గున్నమ్మ, డబ్బాతో నీళ్లు ఎత్తి పోస్తూ. "ముక్కు అలకి ఎదురెట్టు! పక్క తిప్పకు! ఇది పెద్దది కాదు, పోతాది!"

సిగ్గుపడటానికి ఆమెకి తీరిక లేదు. ముంచి పోసింది, ముంచి పోసింది. అరచెయ్యి కోసుకుపోయింది, చూసుకోలేదు. ఆమె అన్నట్టే ఆ జల్లు పెద్దది కాదు. పడవ రేవులోకి వచ్చి రాతి గోడకి ఒరుసుకునేసరికి చినుకులే మిగిలాయి.

డాక్టరు ఆ పూటే పారమ్మ అరచెయ్యి కోసి ముల్లు ముక్క తీశాడు. మర్నాటికి జ్వరం దిగింది. మూడో రోజుకి వేళ్లు కదిలాయి. కదిలిన వేళ్లతో దానయ్య గెడ్డం పట్టుకుని, గొరిగించుకోమని గొడవ పెట్టింది.

ఇంకో రెండు రోజులకి గున్నమ్మ వాళ్లిద్దరితో కలిసి దీవికి తిరిగొచ్చింది. వాన ఇంకా పడుతూనే ఉంది. దానయ్య పడవలోంచే కేక వేసి చెప్పాడు, పారమ్మ చెయ్యి దక్కిందని. రేవులో జనం, రేపు పోవచ్చా అని అడుగుతూ గున్నమ్మ చుట్టూ మూగారు. ఆమె వాళ్లని తప్పించుకుని పైకి, పాకకి నడిచింది. సన్యాసమ్మ గారి ఎదురుగా కూర్చుంది. ఐదు రోజులుగా లోపల దాచుకున్నది ముందుగా అదే బయటికొచ్చింది.

"అరగంట తప్పేనమ్మా."

సన్యాసమ్మ గారు తల ఎత్తారు.

"తడిసేవా?"

"ముద్దయిపోయాను."

"మరింకేటి," అన్నారు ఆవిడ. "ఎల్లు. కింద అడగడానికి ఆగున్నారు, ఎల్లి సెప్పు."