వంటింటి కిటికీ దగ్గర వియ్యపురాలు

అనగనగా... ఆ కాలు దించు, గోడని తన్నకు. ఊఁ కొడతానంటేనే చెబుతాను. అనగనగా అనకాపల్లి అవతల ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒక నాయనమ్మ ఉండేది. ఆవిడకి హైమ అని ఒక్కగానొక్క మనవరాలు. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకి పోతే, ఆ పిల్లకి నీళ్ళు పోసేదీ, జడలు వేసేదీ, అన్నం పెట్టేదీ అంతా వరహాలమ్మే. పిల్ల తుమ్మితే ఆవిడకి జలుబు చేసేది. అంత ప్రాణం.

ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ఆవిడ గుండెల్లో రాయి పడేది. ఎందుకూ? బడికి సెలవులిస్తారు. సెలవులిస్తే హైమ అమ్మమ్మగారి ఊరు వెళ్తుంది. ఆ ఊరు నరసాపురం దగ్గర, కాలవ గట్టు మీద. సరే, వెళ్తే వెళ్ళింది, బాధ అది కాదు. తిరిగొచ్చాక మొదలయ్యేది అసలు బాధ.

అన్నం పెడితే, "అమ్మమ్మ పప్పుచారు ఇలా ఉండదు నాయనమ్మా" అనేది. జడ వేస్తే, "అమ్మమ్మ వేస్తే నొప్పే ఉండదు" అనేది. పక్కలో వేసుకుని కథ మొదలుపెడితే, "అమ్మమ్మకైతే దెయ్యం గొంతు కూడా వచ్చు" అనేది.

అప్పుడు వరహాలమ్మకి ఒళ్ళు మండిపోయేది. పైకి మాత్రం, "అలాగా తల్లీ, మంచిదే" అనేది. ఆ తర్వాత వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ ధడేల్ ధడేల్మని సర్దేది. నవ్వకు, నీకు కుళ్ళు వస్తే బొమ్మల చేతులు పీకెయ్యవూ?

ఆవిడ ఊరుకుందా? ఊరుకోలేదు. పప్పుచారులో ముందు ఇంకాస్త బెల్లం వేసి చూసింది. ఆ తర్వాత ఇంగువ మార్చి చూసింది. ఆ తర్వాత అసలు బెల్లమే మానేసి చూసింది. హైమ ఒక ముద్ద తిని, కాసేపు ఆలోచించి, "బాగుంది కానీ అది కాదు" అంది. ఆ రోజు వరహాలమ్మకి అన్నం సయించలేదు.

ఇలా కాదని, మళ్ళీ సెలవులు వచ్చేసరికి ఆవిడ కొడుకుని పిలిచింది. "అబ్బాయ్, ఈసారి పిల్లతో నేనూ వెళ్తానురా. మోకాళ్ళ నొప్పులకి కాలవ గాలి మంచిదట" అంది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. మగపిల్లాడి తల్లి పిలవకుండా వియ్యాలవారింట్లో దిగడమేమిటని వీధిలో వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. వరహాలమ్మ ఎవర్నీ లెక్కచెయ్యలేదు. హైమ అమ్మమ్మ పేరు మాణిక్యాంబ. ఆ మాణిక్యాంబ చారులో ఏం వేస్తోందో కళ్ళారా చూసి రావాలి. అది తనూ నేర్చుకుంటే, పిల్ల నోట ఇంక అమ్మమ్మ మాట రాదు. అదీ ఆవిడ ఎత్తు.

రైల్లో హైమ కిటికీ పక్కన కూర్చుంది. "అమ్మమ్మ ఊరొచ్చేసిందా?" అని తునిలో అడిగింది. సామర్లకోటలో అడిగింది. రాజమండ్రిలో అడిగింది. అడిగినప్పుడల్లా వరహాలమ్మ "ఇంకా లేదు" అని దాని నోట్లో ఇంత పులిహోర పెట్టింది. ప్రేమతో కాదు, నోరు మూయించడానికి.

మాణిక్యాంబ గేటు దాకా ఎదురొచ్చింది. "రండి రండి వదినగారూ, ఎన్నాళ్ళకి మా ఇల్లు గుర్తొచ్చింది" అంటూ కాళ్ళకి నీళ్ళిచ్చింది. సావిట్లో పెద్ద కుర్చీ వేసి, దాని మీద కొత్త దుప్పటి మడతపెట్టి కూర్చోబెట్టింది. ఇక అంతే, వరహాలమ్మ ఆ కుర్చీలో ఖైదయిపోయింది. వచ్చినావిడ వియ్యపురాలు, అందులోనూ అల్లుడి తల్లి. అటువంటి మనిషిని వంటింట్లోకి రానిస్తే, వియ్యపురాలి చేత చాకిరీ చేయించారని ఊరంతా చెప్పుకోదూ? అందుకని కూర్చున్న చోటికే కాఫీ, కూర్చున్న చోటికే టిఫిను.

మర్నాడు వరహాలమ్మ మెల్లిగా లేచి, "కూరలు తరిగి పెడతాను వదినగారూ" అంది. "ఎంత మాట. మీ చేత కూరలు తరిగిస్తే మా అమ్మాయి నన్ను బతకనిస్తుందా?" అని మాణిక్యాంబ కత్తిపీట లాగేసుకుంది. ఆ మర్నాడు వరహాలమ్మ, "దాహంగా ఉంది, నీళ్ళు ముంచుకుంటాను" అని వంటింటి వైపు నడిచింది. గడప దగ్గరే మరచెంబుతో మాణిక్యాంబ ఎదురైంది. ఇంక మూడో రోజు ఏం చేసిందో తెలుసా? పెరటి దారి పట్టింది.

పెరట్లో వంటింటి కిటికీ ఉంది. కిటికీ కింద బట్టలుతికే బండ ఉంది. వరహాలమ్మ అటూ ఇటూ చూసి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బండ ఎక్కేసింది. మోకాళ్ళ నొప్పులేమయ్యాయో మరి.

లోపల పప్పుచారు మరుగుతోంది. మాణిక్యాంబ చింతపండు పులుసు పోసింది. మునక్కాడ ముక్కలు వేసింది. చిన్న బెల్లం ముక్క వేసింది. వరహాలమ్మ కళ్ళు చికిలించుకుని చూసింది. ఇందులో వింతేముంది, తనూ అవే వేస్తుంది.

అప్పుడు మాణిక్యాంబ హైమని దగ్గరికి పిలిచింది. గరిటెలో చారు ఊది ఊది చల్లార్చి, దాని అరచేతిలో ఒక్క చుక్క పోసింది. గొంతు తగ్గించి, "ఇప్పుడు చెప్పవే, మీ నాయనమ్మ చేసినట్టు కుదిరిందా?" అని అడిగింది.

హైమ చప్పరించింది. కాసేపు ఆలోచించింది. "బాగుంది కానీ అది కాదు అమ్మమ్మా. నాయనమ్మ చారు వేరే" అంది.

మాణిక్యాంబ మొహం మాడిపోయింది. "ఏటా ఇదే మాట. జడ వేస్తే, నాయనమ్మ వేళ్ళు మెత్తన అంటావు. కథ చెబితే, నాయనమ్మైతే రాజుగారిలా దగ్గుతుందంటావు. అసలేం వేస్తుందే ఆవిడ ఆ చారులో? అడుగుదామంటే నామోషీ. అడక్కుండా ఉందామంటే నిద్ర పట్టి చావదు" అంటూ, ఆ ఉక్రోషంలో పోపులోకి గుప్పెడు ఎండుమిరపకాయలు పడేసింది.

కిటికీ బయట వరహాలమ్మకి ముందు సంతోషం పొంగుకొచ్చింది. ఆ తర్వాత, అయ్యో, ఈవిడా నాలాగే కుమిలిపోతోందే అని జాలేసింది. ఆ తర్వాత మిరపకాయల ఘాటు వచ్చి ముక్కులో దూరింది. ఇంక చూసుకో, తుమ్ములే తుమ్ములు.

మాణిక్యాంబ ఉలిక్కిపడి కిటికీలోంచి చూసింది. బండ మీద అల్లుడి తల్లి. "వదినగారూ, మీరేమిటి ఇక్కడ?" అంది.

"మల్లెమొగ్గలు కోద్దామనీ..." అంది వరహాలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ పెరట్లో మల్లెతీగే లేదు. ఉన్నదల్లా మునగచెట్టు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు మాణిక్యాంబకి నవ్వొచ్చింది. తర్వాత వరహాలమ్మకి వచ్చింది. నవ్వు ఆపుకోలేక ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుంది. "దిగి లోపలికి రండి, పడిపోతారు" అంది మాణిక్యాంబ. అలా వరహాలమ్మ వంటింట్లో అడుగు పెట్టింది. ఈలోపల చారు పొంగి సగం పొయ్యి పాలైంది.

అప్పుడిద్దరూ కలిసి హైమని నిలబెట్టి అడిగారు. "ఏమే, అక్కడ అమ్మమ్మ గొప్ప, ఇక్కడ నాయనమ్మ గొప్ప. ఇద్దర్నీ ఎందుకే ఇలా ఉడికిస్తావు?"

హైమ బిక్కమొహం వేసింది. "నేనేం ఉడికించలేదు. అక్కడుంటే అమ్మమ్మ గుర్తొస్తుంది. ఇక్కడుంటే నాయనమ్మ గుర్తొస్తుంది. అన్నం తినేటప్పుడు ఇంకా ఎక్కువ గుర్తొస్తుంది" అంది.

"నేనిక్కడే ఉన్నాను కదే ఇప్పుడు" అంది వరహాలమ్మ.

"నువ్వొచ్చావు గానీ నీ చారు రాలేదుగా" అంది హైమ. ఆ మాటకి ముసలాళ్ళిద్దరి కళ్ళూ చెమర్చాయి. మిరపకాయల ఘాటు అనుకున్నారు.

ఆ రోజునుంచి వాళ్ళిద్దరికీ ఎంత జత కుదిరిందో చెప్పలేను. వంట కలిసే. చింతపండు పిక్కలు తియ్యడం కలిసే. సాయంత్రం అరుగు మీద కబుర్లు కలిసే. మోకాళ్ళ సంగతి ఒకరు ఎత్తితే రెండోవారు నడుం సంగతి ఎత్తేవారు.

హైమ వచ్చి, "నాయనమ్మా, జడ వెయ్యవా?" అంటే, "ఉండవే, వదినగారు ఏదో చెబుతున్నారు" అనేది వరహాలమ్మ. "అమ్మమ్మా, కథ చెప్పవా?" అంటే, "ఆగమ్మా, మీ నాయనమ్మ మాట ఇంకా సగంలో ఉంది" అనేది మాణిక్యాంబ. ఆఖరికి "ఆకలేస్తోంది" అంటే ఇద్దరూ ఒక్కసారే, "గిన్నెలో చారుంది, పోసుకో తల్లీ" అన్నారు.

ఇప్పుడు హైమకి ఒళ్ళు మండింది. విసవిసా వెళ్ళి ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. నాయనమ్మ కొంగు లాక్కుని తన నడుముకి చుట్టుకుంది. "వచ్చే ఏడు నేనొక్కదాన్నే వస్తాను. నువ్వు రావద్దు. వచ్చినా అమ్మమ్మతో మాట్లాడకు. నువ్వు నా నాయనమ్మవి" అంది, మూతి ముడుచుకుని.

వరహాలమ్మ ఏం చేసిందనుకున్నావు? కోప్పడలేదు, బుజ్జగించనూ లేదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల కోసం తను కుళ్ళుకుంది. ఇప్పుడు ఆ పిల్ల తన కోసం కుళ్ళుకుంటోంది. అది ఆవిడకి ఎంత తియ్యగా ఉందంటే, ఇంకాసేపు ఉండనిద్దామని, "చెప్పండి వదినగారూ, ఆ తర్వాత ఏమైంది?" అని మాణిక్యాంబ వైపు తిరిగి కూర్చుంది.

కథేమో కంచి బండి ఎక్కేసింది,
కునుకొచ్చి నీ కంట్లో దిగేసింది,
దుప్పట్లో బుజ్జిపిల్ల ముడుచుకుంది,
అమ్మమ్మ కూడా ఇంక పడుకుంటుంది.