కుందేళ్ల మాట నేర్చిన బడి

చాలాకాలం కిందట, వాగు పక్కనున్న ఒక వెదురు అడవిలో జంతువుల పిల్లలకు ఓ బడి ఉండేదట. అక్కడ పాఠాలు చెప్పేది పొన్నమ్మ అనే దుప్పి. ఏ ఆకు తినొచ్చో, ఏ మడుగులో నీళ్లు తాగకూడదో అన్నీ నేర్పేది. అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇంకొకటుంది. చిరుతపులి కనబడితే పొన్నమ్మ కేక వేస్తుంది. ఆ కేక వినగానే పిల్లలంతా పరుగెత్తి ముళ్లపొదలో దూరాలి. ముళ్లకు భయపడి చిరుత ఆ పొదలోకి రాదు.

ఆ ఎండాకాలం తూర్పు కొండలు తగలబడ్డాయి. అక్కడి కుందేళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు దాటి వచ్చాయి. మొదట ఒక కుటుంబం, తర్వాత ఇంకొన్ని. వానలు పడేసరికి బడిలో సగంమంది కుందేలు పిల్లలే. వాళ్ల మాట వేరు. పాఠం అర్థంకాక, వెనక వరసలో చెవులు వాల్చుకుని కూర్చునేవాళ్లు.

ఒకరోజు పిల్లల్ని పరీక్షించడానికి పొన్నమ్మ కేక వేసింది. దుప్పి పిల్లలు, జింక పిల్లలు పొదలోకి దూకారు. కుందేలు పిల్లలు మాత్రం ఉన్నచోటే నేలను కరుచుకుపోయారు. రెప్ప కూడా వేయలేదు. చిరుత నిజంగా వస్తే వీళ్లంతా దాని నోట్లో పడ్డట్టే అనుకుంది పొన్నమ్మ.

సాయంత్రం చివురు అనే కుందేలు పిల్ల కోసం వాళ్లమ్మ బూరుగమ్మ వచ్చింది. కేక విన్నా పిల్లలు ఎందుకు కదల్లేదని పొన్నమ్మ ఆమెను అడిగింది. కొండమీద పొదలుండవనీ, పైన గద్దలు తిరుగుతుంటాయనీ, కేక వినబడితే కదలకుండా పడుకోవాలని పిల్లలకు నేర్పుతామనీ బూరుగమ్మ వచ్చీరాని మాటల్లో చెప్పింది.

పొన్నమ్మ పరుగున బడిపెద్ద దగ్గరికి వెళ్లింది. ఆయన భూషయ్య అనే ముసలి కణుజు జింక. కుందేళ్ల మాట కాస్త మనమూ నేర్చుకుందాం, పాఠం చెప్పే తీరు మారుద్దాం అని అడిగింది. మన పిల్లల చదువు వెనకబడితే తల్లిదండ్రులు ఊరుకోరన్నాడు భూషయ్య.

"ఉండగా ఉండగా వాళ్లే నేర్చుకుంటారు. నీ పాఠం నువ్వు చెప్పుకో పొన్నమ్మా," అన్నాడు.

పొన్నమ్మ తిరిగి పాఠాలకు వచ్చేసింది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు మనశ్శాంతి లేదు. గడ్డి కదిలితే ఉలిక్కిపడి తల ఎత్తేది. మాటిమాటికీ వెనక వరస వంక చూసేది. రేపు మళ్లీ అడుగుదాం అనుకునేది. ఆ రేపు వాయిదా పడుతూనే ఉంది.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం గాలిలో చిరుత వాసన వచ్చింది. పొన్నమ్మ కేక వేసింది. ముందు వరస ఖాళీ అయింది. వెనక వరస నేలకు అతుక్కుపోయింది. రండి, పరుగెత్తండి అని అరిచింది. ఆమె అరిచినకొద్దీ వాళ్లు ఇంకా ముడుచుకుపోయారు. 'పరుగెత్తు' అన్న ఒక్క మాట వాళ్ల భాషలో ఆమెకు తెలియదు. మూతితో ఒక్కొక్కరినీ పొదలోకి నెట్టుకొచ్చింది. చివురు దగ్గరికి చేరేలోపే పసుపు నీడ ఒకటి వాడి మీద పడింది.

చివురు లేడు.

మర్నాడు పొన్నమ్మ బూరుగమ్మ ముందు తలవంచుకుని నిలబడింది. "నాకు ముందే తెలుసమ్మా. తెలిసీ ఊరుకున్నాను. పరుగెత్తమని మీ మాటలో ఏమంటారో చెప్పు," అని ఏడ్చింది.

బూరుగమ్మ చివురు కూర్చునే చోటు వైపు చూసింది. చివరికి మెల్లగా, "జిర్రో," అంది.

పొన్నమ్మ ఈసారి ఎవరినీ అడగలేదు. బూరుగమ్మను తనతోపాటు బడిలో నిలబెట్టింది. వెనక వరస తీసేసి, దుప్పి పిల్లల మధ్య కుందేలు పిల్లల్ని కూర్చోబెట్టింది. ప్రతి పాఠం రెండు భాషల్లో సాగింది. దుప్పి తల్లులు కొందరు గొణిగారు. భూషయ్య వచ్చి చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

చిరుత మళ్లీ వచ్చింది. "జిర్రో, పరుగెత్తండి," అని పొన్నమ్మ, బూరుగమ్మ ఒకేసారి అరిచారు. బడి మొత్తం పొదలోకి దూరింది. బయట చిరుత చుట్టూ తిరుగుతోంది. దాని ఊపిరి వినబడుతోంది. లోపల ఎవరూ కదల్లేదు. పొన్నమ్మ పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంది. అందరూ ఉన్నారు. మూలన బూరుగమ్మ, భయంతో బిగుసుకుపోయిన ఒక దుప్పి పిల్లను రెండు చేతులా పొదివి పట్టుకుని, చిరుత అడుగులు దూరమయ్యేదాకా దాని చెవిలో ఏదో చెబుతూనే ఉంది.

నీతి: కొత్తగా వచ్చిన పిల్లలకు మన మాట వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోకూడదు. వాళ్ల కోసం మనం మారడం ఆలస్యమైతే, ఆ ఆలస్యం వల్ల నష్టపోయేది పిల్లలే.