కడియం బొడ్డు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, రెండోవాడు చురుకైనవాడు, మూడోవాడు లంబోదరవర్మ. వాడి బొజ్జ ముందు నడిచేది, వాడు వెనక నడిచేవాడు.

ఏడు సముద్రాల అవతలుండే ధూమకేశుడనే మాంత్రికుడు కువలయ అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. తల్లి అన్నం మానేసి మంచం పట్టింది. అన్నలంటే ప్రాణం పెట్టే లంబోదరుడు "నేను తీసుకొస్తానమ్మా" అని బయల్దేరాడు.

దారిలో వలలో చిక్కిన ఒక కొంగను విడిపించాడు. అది వాణ్ణి వీపున ఎక్కించుకుందామనుకుంది గానీ, బొజ్జ చూసి మానుకుని, వాడెక్కిన పడవ ముందు ఎగురుతూ మాంత్రికుడి కోటకి దారి చూపింది.

కోట వంటింట్లో కువలయ మాంత్రికుడి కోసం మినప సున్నుండలు చుడుతోంది. లంబోదరుడు కొంగతో సహా లోపలికెళ్ళి తానెవరో చెప్పాడు. "మీ అన్నలిద్దర్నీ వాడు రాళ్ళు చేసేశాడండీ. ఏ రాళ్ళో నాకూ తెలీదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"వాడి ప్రాణం చిలకలో ఉందా?"

"చిలకల కాలం పోయిందండీ. గోడకున్న ఆ కడియం బొడ్డులో ఉంది."

"కడియానికి బొడ్డేమిటి?"

కొంగ అందుకుంది. "ప్రతి వస్తువుకీ బరువంతా పోగైనట్టుండే చోటొకటి ఉంటుంది నాయనా. అదే బరువు బొడ్డు. దాని కింద ఆనిక ఉంటే వస్తువు నిలుస్తుంది, లేకపోతే పడుతుంది. నేను ఒంటికాలి మీద నిలబడేది నా బొడ్డుని ఆ కాలి మీదికి తెచ్చుకునే. కడియం బొడ్డు మాత్రం నట్టనడుమ, ఖాళీలో ఉంటుంది."

"అదే చిక్కు" అంది కువలయ. "మీ పెద్దన్నయ్య కడియాన్ని నరికారు, కత్తి విరిగింది. చిన్నన్నయ్య నడుమ పొడిచారు. గాలికి గాయమవుతుందా?"

లంబోదరుడు ఒక సున్నుండ తీసుకున్నాడు. వాడికి ఉత్త నోటితో ఆలోచన రాదు.

"కొంగమ్మా, ఒక పక్క బరువు పెరిగితే బొడ్డు అటు జరుగుతుందా?"

"జరక్కేం! చేప మింగితే నా బొడ్డూ జరుగుతుంది."

అంతే, వాడు సన్నటి ఆ కడియం అంచుకి గుప్పెడంత సున్నుండని అదిమేశాడు. కొంగ దాన్ని ముక్కు మీద పెట్టి చూసింది. సున్నుండ కింద ముక్కు ఆనిస్తే కడియం కదలకుండా నిలిచింది.

"ప్రాణం ఇందులోకొచ్చేసిందిరోయ్!" అని కొంగ అరిచింది.

ఆ అరుపుకి మాంత్రికుడు ఊడిపడ్డాడు. "ఎవడ్రా నువ్వు? నిన్నూ రాయి..."

"ఉండు స్వామీ, ఒక్క ముక్క కొరుక్కోనీ" అంటూ లంబోదరుడు సున్నుండని సరిగ్గా మధ్యకి కొరికాడు. మాంత్రికుడు కుయ్యోమని పొగై ఎగిరిపోయాడు.

మూలనున్న తిరగలి కదిలింది. కింది రాయి పెద్దన్న, పై రాయి చిన్నన్న! లంబోదరుడు ఇద్దర్నీ కావలించుకుని భోరున ఏడ్చాడు.

కువలయకు సిగ్గు ముంచుకొచ్చింది. "క్షమించండి బావగారూ, రోజూ మీలోనే మినుములు విసిరాను."

బావగారూ అన్నాక పెళ్ళి సంగతి వేరే అడగాలా? ఇంటికెళ్ళి ముహూర్తం పెట్టుకున్నారు. విందులో తల్లి ముగ్గురు కొడుకుల మధ్య కూర్చుని కడుపారా తింది. లంబోదరుడూ కువలయా నూరేళ్ళు చల్లగా రాజ్యమేలారు. పెద్దన్న మాత్రం బతికినన్నాళ్ళూ మినప సున్నుండ వంక కన్నెత్తి చూడలేదు. నవ్వకండి, మీరైతే తింటారా?