మూడు రాజ్యాల నగారా

ఉత్తరాన దండు కదిలిందని తెలిసి, ఎవరిమీద దాడి జరిగినా కలిసి పోరాడాలని మూడు రాజ్యాలు ఒప్పందం రాసుకున్నాయి. శత్రువు వచ్చే దారి మాత్రం గుట్టపాలెం కొండ మీదినుంచే కనిపిస్తుంది. గుట్టపాలెం ఏ పక్షమూ చేరని చిన్న ఊరు. దండు కనిపిస్తే కొండ మీద నగారా కొట్టేది మేకలు కాచుకునే బయ్యమ్మ.

ముగ్గురు దండనాయకులూ కొండెక్కారు. "ఏ పక్షమూ లేనిదాన్ని నమ్మేదెలా? రేపు శత్రువుతో చేతులు కలుపుతావు. నగారా నా మనిషికి అప్పగించు!" అన్నాడు వాళ్ళలో పెద్దవాడైన వీరభల్లుడు.

బయ్యమ్మ నగారా కర్ర అతని ముందు పెట్టి, మిగతా ఇద్దరివైపూ తిరిగింది. "ఈ దొర మనిషి నగారా కొడితే మీరు కోటలు వదిలి పరుగెత్తుకొస్తారు కదా?"

"ఎలా వస్తాం? మేమిటు రాగానే మా కోటలో తన జెండా ఎగరేస్తాడు!" అన్నాడొకడు.

"నీ మనిషి కొడితే మాత్రం నేనొస్తానా?" అన్నాడు రెండోవాడు, ఆ మాటన్నవాడివైపు తిరిగి.

ముగ్గురి చేతులూ కత్తుల మీదికి వెళ్ళాయి. బయ్యమ్మ నెమ్మదిగా కర్ర తీసుకుంది.

"అయితే నిన్ను నమ్మాలా?" అని వీరభల్లుడు గుడ్లురిమాడు.

"వద్దు దొరా. తలా ఒక మనిషిని నాకు కాపలా పెట్టండి. మీ ముగ్గురికీ నిజంగా ఒప్పందం కుదిరింది నన్ను అనుమానించడంలోనే కదా!"

ఆ సాయంత్రమే ముగ్గురు కాపలావాళ్ళు వచ్చారు. ముగ్గురూ రెప్ప వేయకుండా బయ్యమ్మనే చూస్తూ కూర్చున్నారు. కొండవతలికి చూసేది మాత్రం బయ్యమ్మ ఒక్కతే.