పొసెద్‌కాలో కూర్చున్న మరియమాత

చెక్ దేశంలో మొరావియా కొండల నడుమ, మ్యాపులో పనిగట్టుకొని వెతికితే గాని కనబడని పొసెద్‌కా అనే చిన్న పల్లె ఉన్నది. కింద వాగు, వాగు ఒడ్డున పాత ఇళ్ళు, ఆపిల్ తోటలు. కొండ మీద గొర్రెలు మేసే బయలు, అక్కడొక గుప్పెడు ఇళ్ళు. రెంటికీ నడుమ ఉన్నది ఒకటే బాట. అది ఎంత నిటారుగా ఉంటుందో ఎక్కేవారి మోకాళ్ళు చెబుతాయి. యాత్రికులు బస్సు దిగి, రొప్పుతూ సగం దూరం వచ్చేసరికి ఒక బల్లపరుపు బండ, దాన్ని ఆనుకొని సున్నం కొట్టిన చిన్న మందిరం కనబడతాయి. కొండ చివర అంత చక్కని చోటు ఉండగా ఈ నడిమధ్య ఎందుకు కట్టారని అడగనివారు అరుదు.

పూర్వం ఇక్కడ వొర్షిలా అనే వితంతువు ఉండేది. వీపున పెద్ద బుట్ట తగిలించుకొని సరుకులు మోయడం ఆమె బ్రతుకుతెరువు. కొండ మీదికి బండి పోదు. కాబట్టి ఉప్పు, పిండి, అన్నీ ఆమె వీపు మీదనే ఎక్కేవి, పైనున్న ఉన్నీ, జబ్బుపడిన పిల్లలూ దిగడం కూడా ఆమె వీపు మీదనే. ఊరివారు చెడ్డవారని కాదు. "వొర్షిలాకు అలవాటే" అనే మాట వారి నోళ్ళలో నానిపోయింది, అంతే. అలవాటైన మనిషికి నొప్పి ఉండదనుకోవడంలో మోయించుకునేవారికి ఎంతో సుఖం ఉన్నది.

ఒక ఏడు గొర్రెలకు గాలికుంటు తగిలి మందలకు మందలు పోయాయి. మిగిలినవైనా దక్కితే కొండ చివర మరియమాతకు మందిరం కట్టిస్తామని ఊరంతా మొక్కుకున్నది. రోగం ఆగింది. పైనున్న రాళ్ళనే కొట్టి గోడలు లేపారు. పట్నపు శిల్పి చేత నిలుచున్న మరియమాతను కర్రలో చెక్కించారు. అయితే ఆ ప్రాంతంలో ఒక కట్టుబాటు ఉండేది. మొక్కుబడి విగ్రహాన్ని వాగు దగ్గర ఎవరు ఎత్తుకుంటే వారే చివరిదాకా మోయాలి. దారిలో నేలకు ఆనితే, ఆనినచోటే దానికి గుడి. మన గోకర్ణం సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఎవరు మోయాలన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. అప్పటికి వొర్షిలా అత్తగారు మంచం పట్టి ఉన్నది, సేవ చేసే కోడలికి ఎన్నాళ్ళుగానో కంటి మీద కునుకు లేదు. ఒక్కరోజు ఆగమని ఆమె గ్రామపెద్ద హవెల్‌ను బతిమాలింది. చర్చి గురువుగారు పైకి వెళ్ళి ఎదురుచూస్తున్నారనీ, ఆగడం కుదరదనీ ఆయన అన్నాడు. దారిలో దించితే మొక్కు చెడుతుందనీ, ఊరి గొర్రెల ప్రాణం ఆమె వీపు మీదే ఉన్నదనీ కూడా చెప్పి పంపాడు. ఆ మాట విగ్రహం కంటే బరువైనది.

వెనుక పాటలు పాడుతూ బయలుదేరిన ఊరేగింపు మొదటి మలుపు దగ్గరే ఆయాసం తీర్చుకోవడానికి ఆగిపోయింది. ఆమె ఆగలేదు. సగం కొండ ఎక్కేసరికి కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. ఎదురుగా బండ కనబడింది. కూర్చోవాలని అనుకోలేదు, కూర్చున్నది. బుట్ట అడుగు నేలకు ఆనింది. అది తెలిసినా లేచే శక్తి లేక అలాగే కళ్ళు మూసుకున్నది.

ఆ కునుకులో ఒక ఆడమనిషి వచ్చి పక్కన చతికిలబడి, చెప్పులు విప్పి, పాదాలు ఒత్తుకుంటూ, "ఎక్కడికి పోయినా నన్ను నిలబెట్టే ఉంచుతారు తల్లీ. కాస్త జరుగు" అన్నదట. వొర్షిలా జరిగింది. ఎవరు నువ్వని అడిగే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఊరేగింపు వచ్చేసరికి ఆమె ఇంకా బండ మీదనే ఉన్నది. హవెల్ వంగి ఆమె భుజం తట్టి, "లే, వొర్షిలా. మేమెవరమూ చూడలేదనుకుంటాం. లేచి నడువు" అన్నాడు.

"లేవను పెద్దయ్యా," అన్నదామె. "ఇన్నేళ్ళూ మోశాను. మీలో ఒక్కరైనా నన్ను కూర్చోమన్నారా?"

హవెల్ తానే విగ్రహాన్ని ఎత్తుకుందామని బుట్ట మీది గుడ్డ తీశాడు. నిలుచున్నట్టు చెక్కిన మరియమాత బుట్టలో కూర్చొని ఉన్నది. చేతులు ఒడిలో, చెప్పులు పక్కన. నేటికీ మందిరంలో దర్శనమిచ్చే రూపం అదే.

గురువుగారు దిగివచ్చి చూసి, పైనున్న గోడలు విప్పి ఇక్కడికి తెమ్మన్నారు. మొదటి రాయి హవెల్ మోశాడు. బండ దగ్గర దించి, దాని మీదనే కూలబడ్డాడు. ఆనాటి నుంచి ఊరికి పొసెద్‌కా, అంటే కూర్చునే తావు, అనే పేరు వచ్చింది. గొర్రెలకు మళ్ళీ ఆ రోగం రాలేదు. వొర్షిలా మాత్రం మర్నాడే బుట్ట తగిలించుకున్నది. ఉప్పు తనంతట తాను కొండ ఎక్కదు కదా. కాకపోతే బండ దాకానే మోసేది, అక్కడి నుంచి పైవారే వచ్చి అందుకునేవారు.

ఇప్పటికీ చలి మొదలై గొర్రెలను కొండ దించే పండుగనాడు చుట్టుపక్కల ఆడవారు నిండు బుట్టలతో వచ్చి, అమ్మవారి ఎదుట దించి బండ మీద కూర్చుంటారు. పైకి మగవారు మోసుకుపోతారు. మోకాళ్ళ నొప్పులవారూ, మంచాన పడినవారికి సేవచేసి అలసినవారూ ఇక్కడ కూర్చుంటే ఊరట పొందుతారని నమ్మకం. ఆ రోజు కూర్చున్న ఆడమనిషిని ఎవరూ లేవమనకూడదు, ఎంతసేపని అడగకూడదు. చాలామంది చీకటి పడినా లేవరు.