పాలరాతి కోటు

యెన్‌షెంగ్ చెక్కిన పాలరాతి కోటు బీజింగ్ ప్రదర్శనలో జనాన్ని భలేగా మోసం చేసింది.

చైనాలో చలికాలం తొడుక్కునే దూది కోటు అది. కుర్చీకి తగిలించినట్టు చెక్కాడు. ఎవరో మరిచిపోయి వెళ్లారనుకుని ఒకావిడ కాపలా మనిషిని పిలిచింది. వేలు తగిలేదాకా అది రాయంటే ఎవరూ నమ్మలేదు. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి.

నిజానికి అది చనిపోయిన తల్లి కోటు. ఆమె గుర్తుగా చెక్కాడు. తండ్రిని ఊరినుంచి పిలిపించి చూపించాడు.

ఆయన చుట్టూ తిరిగి చూశాడు. "అచ్చం దూదేరా! ఎంత బాగుందో. ఎవరిదీ కోటు?" అన్నాడు.

యెన్‌షెంగ్ తండ్రిని ఊరి రైలెక్కించాడు.

తాను పనిచేసే శిల్పుల పట్నానికి తిరిగొచ్చి, గురువు ఫాంగ్ సూచిన్‌కి జరిగింది చెప్పాడు. ఆవిడకు డెబ్బై దాటాయి. రాయిని గుడ్డలా, కాగితంలా కనిపించేలా చెక్కడం అతనికి నేర్పింది ఆవిడే.

"దేన్ని చూసి చెక్కావు?" అంది.

"కొట్లో కొత్తది కొన్నాను, గురువుగారూ. అదే రకం, అదే కొలత. అమ్మది బాగా పాతది. చిరిగింది కూడా."

"ఉందా అది?"

"పెట్టెలో ఉంది."

"తీసుకురా."

మర్నాడు తెచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూసింది. ఉలి పట్టే కొత్త పద్ధతేదో చెబుతుందని అతను కాచుకున్నాడు. ఆవిడ సూదీ దారం తీసి అతని చేతిలో పెట్టింది.

"మోచేతి దగ్గర దూది బయటికొస్తోంది. ముందిది కుట్టు."

"నాకు కుట్టడం రాదు."

"తొందరేముంది?"

కిటికీ దగ్గర కూర్చున్నాడు. సూది వేళ్లలో గుచ్చుకుంది. తన కుట్ల కింద పాత కుట్లు కనిపించాయి. తెల్లదారం అయిపోయిందేమో, ఒక బొత్తాన్ని అమ్మ ఎర్రదారంతో కుట్టుకుంది. ఎడమచేతి అంచు నున్నగా అరిగిపోయి ఉంది. మంచులో బడికి పంపేటప్పుడు ఆ అంచుతోనే అతని ముక్కు తుడిచేది.

సూది ఆగిపోయింది.

గురువు తన మూల తాను రాయి నునుపు చేసుకుంటోంది. తలెత్తి చూడలేదు.

కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు దాన్నే చూస్తూ మళ్లీ చెక్కాడు. ఈసారి బీజింగ్‌కి పంపలేదు. తండ్రినే పనిశాలకి పిలిచాడు.

ముసలాయన గుమ్మం దాటాడో లేదో, నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా దగ్గరికెళ్లాడు. మెడపట్టీ ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. దాన్ని పైకి తీయబోయాడు.

"ఎప్పుడూ ఇంతే నువ్వు," అన్నాడు కోటుతోనే. "ఎన్నిసార్లు సరిచేసినా..."

మడత రాలేదు. చేతికి రాయి చల్లగా తగిలింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

గురువు చప్పుడు చేయకుండా ఒక పీట తెచ్చి ఆయన వెనక వేసింది. ఏదో అనబోతున్న శిష్యుడి చెయ్యి పట్టుకుంది.

"రా," అంది, "మనం కాసేపు బయట కూర్చుందాం."