తుడిచేసిన నలుపు

మూడో షట్టరు జానెడు లేచి ఆగిపోయింది. ఆరుగురు మనుషులు చక్రం పట్టుకుని వేలాడినా వేలెడు కదల్లేదు. లోపల ఎక్కడో ఇనుము కీచుమంటోంది. ఆ చప్పుడుకు ఓబులేసుకు పళ్లు జివ్వుమన్నాయి.

మేలుగుంట ఆనకట్టకు ఐదు షట్టర్లు. నాలుగింటిని పొద్దున్నే ఎత్తేశారు. ఎగువ రిజర్వాయరులో నీళ్లు వదిలారని, మధ్యాహ్నానికల్లా ఇక్కడికి చేరతాయని ఫోను వచ్చి రెండు గంటలైంది. మూడోది లేవకపోతే నీళ్లు పక్కనున్న మట్టికట్ట మీదికెక్కుతాయి. ఆ కట్ట తెగితే దాని కింద ముప్పై ఇండ్ల దిగువపేట ఉంది. షట్టర్లు చూసుకునే లస్కరు సుంకన్న ఇల్లు కూడా ఆ పేటలోదే. గుట్టెక్కమని అందరికీ కబురు పంపాడు గానీ, ముసలివాళ్లు ఇంకా దారిలోనే ఉన్నారు.

తప్పెవరిదో ఓబులేసుకు తెలుసు. అందుకే ఎవరి మొహమూ చూడలేకపోతున్నాడు.

అతను ఐదేళ్లుగా యూనివర్సిటీలో రాపిడి మీద పరిశోధన చేస్తున్నాడు. అతని సరుకు ఒక నల్లటి పొడి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే నానో రేణువులు. రెండు లోహాల మధ్య పడితే అవి నలిగి, పొరలుగా విడిపోయి, లోహానికి అంటుకుపోతాయి. ఆ పొర ఉన్నంతకాలం ఇనుమూ ఇత్తడీ ఒకదాన్నొకటి తాకవు, అరగవు. గ్రీజులాగా వానకు కొట్టుకుపోదు, దుమ్ము పట్టి గట్టిపడదు. ఇదంతా అతను నలభై పేజీలు రాశాడు. నాలుగు సభల్లో చదివి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

వేసవిలో ఆ పొడిని కాస్త నూనెలో కలిపి మూడో షట్టరును ఎత్తే స్క్రూ రాడ్డుకు పట్టించాడు. రోజూ ఎత్తించాడు, దింపించాడు. నలుగురు తిప్పే చక్రాన్ని నెల తిరిగేసరికి ఇద్దరు తిప్పారు. మరో నెలకు సుంకన్న ఒక్కడే బీడీ కాలుస్తూ తిప్పాడు.

ఇవాళ ఆ వింత చూడ్డానికి పెద్ద ఇంజినీరు వస్తున్నాడు. ఓబులేసు గురువు జలాలుద్దీన్ మాస్టారూ వస్తున్నారు. నిన్న ఓబులేసు రాడ్డును చూసి మొహం చిట్లించుకున్నాడు. రాడ్డు చుట్టూ చెక్కిన మరలన్నీ నల్లగా, మసి పట్టినట్టు ఉన్నాయి. ల్యాబులో ప్రతి పరీక్షకు ముందు లోహపు ముక్కను కడిగి తళతళలాడించడం అతనికి చేతి అలవాటు. ఇక్కడా అదే చేశాడు. షట్టరు పైకెత్తించి, రాడ్డంతా ఎమరీ కాగితంతో రుద్దించి, చక్రంతో పాటు దాని మీద తిరిగే ఇత్తడి నట్టు విప్పించి పెట్రోలుతో కడిగించాడు. పెళ్లికొడుకును కూడా ఎవరూ అంత ముస్తాబు చెయ్యరు. ఇంజినీరు ఎదుటే కొత్త మందు పూసి చూపించాలని అతని ఆలోచన.

"సార్, అది తుడ్సొద్దు," అన్నాడు సుంకన్న. "ఆ నలుపు వొచ్చినాకే చక్రం తేలికైంది."

"ఇంజినీరొచ్చి ఈ మురికి చూస్తే ఏమనుకుంటాడు? నీకు తెలీదులే సుంకన్నా," అన్నాడు ఓబులేసు. తండ్రి వయసు మనిషితో అన్నాడు.

తుడిచాక షట్టరు తన బరువుతో తానే దిగింది కాబట్టి నిన్న ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇంజినీరు కన్నా ముందు వరద కబురు వచ్చింది.

"ఎర్రగీతకు జానెడే ఉండాది!" ప్రమాదమట్టానికి ఎర్రగీత గీసిన నీటికొలత రాయి దగ్గర్నుంచి సుంకన్న అరిచాడు.

ఓబులేసు పరిగెత్తి సంచీలోంచి సీసా తీశాడు. మామూలు కన్నా మూడింతలు పొడి కలిపి తెచ్చిన నూనె. అంతా రాడ్డు మీద కుమ్మరించాడు. నున్నటి ఇనుము మీద అది నిలవలేదు, జారి నీళ్లలో పడింది. చక్రం తిప్పితే కీచుమనే చప్పుడు ఇంకాస్త పెద్దదైంది.

అప్పుడే బస్సు దిగి, చంకలో గొడుగుతో జలాలుద్దీన్ మాస్టారు ఆనకట్ట మీద నడిచొచ్చారు. ఏమైందని అడగలేదు. వంగి రాడ్డును చూశారు. అందులో ఆయన మొహం ఆయనకే కనిపించింది.

"బాగా మెరుస్తోంది," అన్నారు.

ఓబులేసు తల దించుకున్నాడు.

"నూనె కాదు, ఒట్టి పొడి ఉందా?"

"డబ్బాలో చెంచాడు ఉంది సార్. అది చాలదు సార్, ఇంత రాడ్డుకు..."

"ఇయ్యి."

మాస్టారు గొడుగు పక్కన పెట్టి, చక్రం కింది చెక్కబల్ల మీద బోర్లా పడుకున్నారు. అరవై ఆరేళ్ల మనిషి, తెల్లటి జుబ్బా. కింద నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. బిస్మిల్లా అనుకుని, జేబురుమాలును పొడిలో అద్ది, నట్టు కింద కనిపిస్తున్న రాడ్డు మరను బొటనవేలితో అదిమి రుద్దడం మొదలుపెట్టారు. పొయ్యలేదు, చల్లలేదు. ఒక మరంతా నల్లబడ్డాకే రెండో మరకు వెళ్లారు.

నాలుగు మరలు అయ్యాయి.

"లస్కరు ఎవరప్పా?"

"నేనే అయ్యా," అంటూ సుంకన్న వచ్చి చక్రం పట్టుకున్నాడు.

"పావు చుట్టు కిందికి దింపండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చక్రం పట్టుకున్నవాళ్లలో ఈరయ్య అనే కుర్రాడికి ఒళ్లు మండింది. "ఏంది సామీ, నీళ్లు పైకొస్తా ఉంటే షట్టరు కిందికి దింపమంటావు? మా ఇండ్లు మునగాల్నా?"

మాస్టారు తలెత్తలేదు. రుద్దుతూనే ఉన్నారు.

సుంకన్న నల్లబడిన మరల వైపు చూశాడు. దిగువపేట వైపు ఒకసారి చూశాడు. "దింపండ్రా," అన్నాడు. వాళ్లు దింపారు.

"మళ్లీ పావు చుట్టు పైకి. అంతే, చాలు. మళ్లీ కిందికి."

పైకి, కిందికి. పైకి, కిందికి. ప్రతిసారీ మాస్టారు రుమాలు అద్ది రుద్దుతున్నారు. ప్రతిసారీ ఇనుము కీచుమంటోంది. జానెడు తెరుచుకున్న షట్టరు అక్కడక్కడే ఊగుతోంది. నీళ్లు ఎర్రగీతను తాకాయి, తర్వాత ఎర్రగీత కనిపించలేదు. మట్టికట్ట మీంచి ఒక ఆడమనిషి గొంతు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది.

ఓబులేసు తట్టుకోలేకపోయాడు. "సార్! ఇంక పైకి తిప్పమనండి సార్! టైము లేదు!"

"ఆ మాట నీ పొడికి చెప్పు," అన్నారు మాస్టారు.

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. పొర ఎలా పుడుతుందో నలభై పేజీలు రాసిన మనిషి అతను. రేణువులు నలగాలి, రెండు లోహాల మధ్యా మళ్లీ మళ్లీ నలగాలి అని తనే రాశాడు. ఓబులేసు కూడా బల్ల మీద బోర్లా పడుకున్నాడు. చొక్కా చింపి, ఆ పీలికను పొడిలో అద్ది, మాస్టారి చేతి కింది మరను రుద్దసాగాడు.

"వేలు పెట్టి చూడు," అన్నారు మాస్టారు.

తాను రుద్దిన మర మీద వేలు పెట్టాడు. చర్మాన్ని పట్టుకున్నట్టు వేలు ఆగింది. మాస్టారు రుద్దగా, నట్టులోకి పదిసార్లు పోయి వచ్చిన మర మీద వేలు పెట్టాడు. వేలు ఆగలేదు. దానంతటదే పోయింది.

ఐదేళ్లలో కంప్యూటర్ తెర మీద ఎన్నిసార్లు చూశాడో ఆ పొరను, రంగురంగులుగా. వేలితో తాకడం ఇదే మొదలు. అది మసిలాగే ఉంది.

డబ్బాలో పొడి అడుగంటింది. కీచుమనే చప్పుడు సన్నబడింది. ఇంకో రెండుసార్లు దింపి ఎత్తాక అది వినిపించలేదు, లేదా నీళ్ల హోరులో కలిసిపోయిందేమో.

"అయ్యా," అన్నాడు సుంకన్న నెమ్మదిగా. "చేతికి తెలుస్తా ఉంది. వొదిలింది."

"అయితే ఇంక నన్నడగొద్దు," అన్నారు మాస్టారు.

చక్రం తిరిగింది. బరువుగా, ఆగి ఆగి, ఆరుగురి చెమటతో తిరిగింది. షట్టరు మూరెడు లేచింది, బారెడు లేచింది. కింద నీళ్లు ఒక్కసారి రంకె వేసి అవతలికి దూకాయి. మట్టికట్ట అంచుకు నాలుగు వేళ్ల దిగువన నీళ్లు నిలిచి, కాసేపు అక్కడే ఉండి, మెల్లగా తగ్గసాగాయి. ఈరయ్య చక్రం మీద తల ఆనించి రొప్పుతున్నాడు.

మాస్టారు లేచి బల్ల అంచున కూర్చున్నారు. జుబ్బా ముందు భాగమంతా నల్లబడింది. ఓబులేసుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మురికి అనుకున్నా సార్."

"ఐదేండ్లు దానికోసమే కదా తిరిగినావు. వచ్చి ఎదురుగా నిలబడితే గుడ్డ పెట్టి తుడిచేసినావు." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఓబులేసుకు ఇంకా కష్టంగా ఉంది.

అంతలో జీపు వచ్చి ఆగింది. పెద్ద ఇంజినీరు దిగుతూనే సుంకన్న మీద విరుచుకుపడ్డాడు. దార్లోనే ఎవరో ఫోనులో అన్నీ చెప్పినట్టున్నారు, ఒక్కటి తప్ప.

"మొన్నటిదాకా ఒక్కడివే తిప్పిన షట్టరు, సరిగ్గా వరద రోజే ఎట్లా పట్టేసింది? ఏం చేసినావురా దాన్ని? ముప్పై కుటుంబాలు! ఈ సాయంత్రానికి నీ ఉద్యోగం ఉంటుందనుకున్నావా?"

సుంకన్న తువ్వాలు చేతిలోకి తీసుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఓబులేసు వైపు చూడను కూడా లేదు.

ఇంజినీరు జేబులో ఒక మడిచిన కాగితం కనిపిస్తోంది. మిగిలిన షట్టర్లకూ ఓబులేసు పొడి వాడడానికి అనుమతి అది. సంతకం ఒక్కటే తక్కువ.

ఓబులేసు లేచాడు.

"తుడిపించింది నేను సార్. వద్దని ఈ అన్న చెప్పినాడు. నేను వినలేదు. అట్లే రాసుకోండి."

ఇంజినీరు అతన్నీ, నల్లటి రాడ్డునూ, సుంకన్ననూ మార్చి మార్చి చూశాడు. జేబులో కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోసి, మట్టికట్ట చూడ్డానికి వెళ్లిపోయాడు.

ఓబులేసు ఎక్కడ నిలబడాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

జలాలుద్దీన్ మాస్టారు బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, అతనికి చోటిచ్చారు.